పాత తలుపు మూసే ముందు

జూన్ నెలలో మా ఊళ్ళో సాయంత్రం అనేది ఉండదు. మధ్యాహ్నం తిన్న పళ్ళెం కడిగి, రెండు పనులు చక్కబెట్టేసరికి చీకటి. చిలీ దేశపు దక్షిణ కొసన, జూన్ అంటే నడి చలికాలమయ్యే ఈ పుంతా అరేనాస్‌లో పుట్టినవాళ్ళెవరూ దాన్ని పట్టించుకోరు. దీపం వేసుకుంటారు, హీటర్ కొంచెం పెంచుతారు, పని చేసుకుంటారు.

ఆ రోజు కూడా అంతే.

మా ఆఫీసు రేవు వీధిలో, మేడ మీద ఒకే ఒక్క గది. కింద వలలు, తాళ్ళు అమ్మే కొట్టు. తారు వాసన, తడిసిన తాడు వాసన మెట్లెక్కి పైకి వచ్చేవి. గాలి జలసంధి మీంచి వచ్చి పైకప్పు రేకుల్ని పట్టుకుని గుంజేది. గదిలో నేను, రుబెన్ మన్సీయా. దక్షిణాన దీవుల మీద ఉన్న వాతావరణ కేంద్రాల్లో మా కంపెనీ సర్వర్లు పెట్టింది. వాటిని ఇక్కడ కూర్చునే, దూరం నుంచి లాగిన్ అయి చూసుకోవడం మా ఇద్దరి పని.

ఆ దీవుల్లో ఒకదాని మీద నా పిల్లలు ఉన్నారు.

నా భర్త ఎలిసెయో అక్కడ లైట్‌హౌస్ కాపరి. ఏడాది డ్యూటీ. అలాంటి డ్యూటీకి ఇంటిల్లిపాదీ వెళ్ళడం మా దగ్గర మామూలే. నేనూ వెళ్ళాల్సినదాన్నే. కానీ ఆ వేసవిలో నా రొమ్ములోంచి గడ్డ తీశారు. తర్వాత నెలనెలా మందు ఎక్కించుకోవాలి, మధ్యలో రోజూ మాత్ర వేసుకోవాలి. మందు ఎక్కించిన వారం మంచం దిగలేకపోయేదాన్ని. ఎనిమిదేళ్ళ మైతేకి, ఐదేళ్ళ బెల్త్రాన్‌కి తల దువ్వే ఓపిక కూడా ఉండేది కాదు. "నాతో రానీ నెల్దా. అక్కడ గాలి తప్ప వాళ్ళనేదీ ఏమీ చెయ్యదు," అన్నాడు ఎలిసెయో. పంపించాను.

అప్పట్నుంచి నా పిల్లల్ని ఫోన్లోనే పెంచాను. రోజూ ఆఫీసు పని అయ్యాక దీవికి ఫోన్ లైను కలిపేదాన్ని. లెక్కలు చెప్పించేదాన్ని. "పళ్ళు తోముకున్నావా? ఏదీ, ఫోన్ దగ్గర నోరు తెరిచి ఊదు," అనేదాన్ని. బెల్త్రాన్ నిజంగానే ఊదేవాడు. గోళ్ళు తీశారా, చెవులు కప్పుకున్నారా, రేవు దగ్గరికి వెళ్ళలేదు కదా... అన్నిటికంటే ముందు మాత్రం ఒకటే ప్రశ్న. మధ్యాహ్నం ఏం తిన్నారు?

"నీ పిల్లలకి పొట్ట తప్ప వేరే అవయవం లేదనుకుంటావా తల్లీ?" అని రుబెన్ ఏడిపించేవాడు.

"నీకూ అంతేగా, పొట్ట తప్ప ఏముంది?" అనేదాన్ని.

ఆ వెక్కిరింతల్లోంచే మా పనిలో ఒక అలవాటు పుట్టింది. అదేమిటో చెప్పాలంటే ముందు తలుపు సంగతి చెప్పాలి.

దూరాన ఉన్న సర్వర్‌లోకి మేం వెళ్ళే దారికి ఒక తలుపు ఉంటుంది. ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని రానివ్వకూడదు అని నియమాలుంటాయి. వాటిని చూసి తలుపు తీసే చిన్న ప్రోగ్రాం ఒకటి అక్కడ ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. నియమాలు మారిస్తే దాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. అందులో ఒక్క తప్పు దొర్లినా అది లేవదు. లేవకపోతే మేం బయట ఉండిపోతాం. ఊళ్ళో ఉన్న మెషీనైతే వెళ్ళి తట్టి లేపొచ్చు. దీవి మీద ఉన్నదాన్ని లేపాలంటే పడవ కావాలి, పడవకి వాతావరణం కావాలి, చలికాలంలో వాతావరణం దేవుడి చేతిలో ఉంటుంది.

అందుకని మా పద్ధతి ఇది. రాసిన నియమాల్లో తప్పులున్నాయేమో ముందు మెషీన్ చేతే చదివించాలి. 'కాసేపట్లో నేను వద్దనకపోతే పాత నియమాలే వెనక్కి పెట్టెయ్' అని దానికి ఒక గడువు పెట్టాలి. అప్పుడు రీస్టార్ట్ చెయ్యాలి. చేసినా అప్పటికే లోపల ఉన్నవాళ్ళ లైను తెగదు, కొత్తగా వచ్చేవాళ్ళకే కొత్త తలుపు. కాబట్టి ఒకరు పాత లైను వదలకుండా లోపలే కూర్చోవాలి. రెండోవాళ్ళు వేరే చోటి నుంచి, కొత్త తలుపులోంచి రావాలి. వచ్చామని చెప్పాలి. ఆ తర్వాతే గడువు తీసెయ్యాలి, పాత లైను మూసెయ్యాలి.

వచ్చింది మనవాడేనని ఎలా తెలుస్తుంది? పేరు ఎవరైనా టైపు చెయ్యొచ్చు. అందుకే లోపలున్నవాళ్ళు అడుగుతారు, మధ్యాహ్నం మనం ఏం తిన్నాం అని. అది ఎక్కడా రాసి ఉండదు. కలిసి తిన్నవాళ్ళకే తెలుస్తుంది.

ఇన్నేళ్ళలో ఆ పద్ధతి ఒక్కసారి కూడా మమ్మల్ని మోసం చెయ్యలేదు.

*

"నెల్దా, దీవి సర్వర్‌లోకి అబెలార్దో పేరుతో నువ్వేమైనా వెళ్ళావా?" అన్నాడు రుబెన్, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"నాకేం పని? ఆయన పేరు ఇంకా తీసెయ్యలేదా?"

"నువ్వు తీసేస్తానన్నావు."

"నువ్వన్నావు."

"సరే, ఇద్దరం అనుకున్నాం. ఇద్దరం తియ్యలేదు. కానీ ఆయన ఇప్పుడు లోపల ఉన్నాడు."

లేచి వెళ్ళి అతని భుజం మీంచి చూశాను. లోపలున్న వాళ్ళ పేర్లు తెర మీద కనిపిస్తున్నాయి. నా పేరు. దాని కింద అబెలార్దో.

దోన్ అబెలార్దో, మా దగ్గర పెద్దవాళ్ళని దోన్ అంటాం, ఎలిసెయోకి ముందు ఆ దీవి కాపరి. పోయిన చలికాలంలో ఒక చీకటి పొద్దున పడవ వచ్చిందని రేవుకి దిగి వెళ్ళాడు. ఆ రోజు అక్కడికి ఏ పడవా వెళ్ళలేదు. ఆయన దొరకలేదు. బూటు కూడా దొరకలేదు.

"ఎవడో దొంగ. పాస్‌వర్డ్ పట్టుకున్నాడు," అన్నాను.

"ఎక్కణ్ణుంచి వచ్చాడో చూడు."

చూశాను. బయటి నుంచి ఎవరూ రాలేదు. సర్వర్ తనలోంచి తనలోకే లాగిన్ అయినట్టు చూపిస్తోంది. ఇంట్లోంచి అడుగు బయట పెట్టకుండానే ఎవరో ఇంటి తలుపు తట్టి లోపలికి వచ్చినట్టు.

"ఎలిసెయో కీబోర్డు ముట్టుకున్నాడేమో."

"సర్వర్ గదికి ఇనప తలుపు, తాళం. తాళంచెవి అదిగో," అని గోడ మీద మేకు వైపు గడ్డం చూపించాడు రుబెన్. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ముందు వాడెవడో మెడ పట్టి గెంటేద్దాం. తర్వాత ఆయన పేరు తీసేసి తాళం మారుద్దాం."

"గెంటితే పాత తాళంతోనే మళ్ళీ వస్తాడు. ముందు తాళం. తర్వాత మెడ."

"తాళం వేసేటప్పుడు దొంగ లోపలే ఉంటాడు కదే!"

"ఉంటాడు. తాళం పడ్డాక గెంటితే మళ్ళీ రాలేడు. నా పిల్లలు మాట్లాడే లైను కూడా ఆ మెషీన్‌లోంచే పోతుంది రుబెన్. తొందరపడి దాన్ని తెంపను. పద్ధతి ప్రకారమే చేస్తాను."

అతను నిట్టూర్చాడు. "పద్ధతి, పద్ధతి. నువ్వు చచ్చినా క్యూలో నిలబడే చస్తావు." కోటు వేసుకున్నాడు. ఆఫీసుకి ఉన్నది ఒకటే లైను, కాబట్టి రెండో మనిషి ఇంటి నుంచి రావాలి. అతని ఇల్లు ఊరికి అటు చివర. "రోడ్డంతా గాజులా గడ్డకట్టి ఉంది. మెల్లగా పోతాను. నేను లోపలికి వచ్చి చెప్పేదాకా నీ లైను వదలకు."

"నాకు చెప్తున్నావా?"

మెట్ల మీద అతని అడుగులు దిగిపోయాయి. కింద కొట్టు తలుపు మూసిన చప్పుడు. తర్వాత గాలి ఒక్కటే.

*

నియమాలు రాశాను. నా పేరు, రుబెన్ పేరు. ఇంకెవరికీ దారి లేదు. మెషీన్ చేత చదివించాను. తప్పులు లేవంది. నాకు నమ్మకం చాలక రెండోసారి కూడా చదివించాను. గడువు పెట్టాను.

రీస్టార్ట్ చేశాను.

ఊపిరి బిగబట్టి ఒక అక్షరం టైపు చేశాను. పడింది. నా లైను బతికే ఉంది. కొత్త తలుపు లేచి నిలబడిందని మెషీన్ చెప్పింది.

అబెలార్దో పేరు అలాగే ఉంది.

ఉంటుంది. లోపలున్నవాళ్ళని అది పంపదు. అది నాకు తెలిసిందే. అయినా ఆ పేరు వైపు చూస్తుంటే మెడ వెనక సన్నగా చలి పాకింది. లేచి హీటర్ పెంచాను. పైకప్పు రేకు ఒకటి ఊగుతోంది... ఆగుతోంది... ఊగుతోంది. గదిలోకి ఎక్కణ్ణుంచో వాసన వచ్చింది. తారు కాదు, తాడు కాదు. ఆటు పోయాక రాళ్ళ మీద కుళ్ళే సముద్రపు నాచు వాసన. రేవు పక్కనే కదా అనుకున్నాను.

రుబెన్‌కి ఫోన్ చేశాను. ఎత్తలేదు. బండి నడుపుతున్నాడు.

మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

అప్పుడు తెర మీద అక్షరాలు వచ్చాయి.

*నెల్దా. నేను, రుబెన్‌ని. కొత్త తలుపులోంచి వచ్చేశాను.*

ప్రాణం లేచి వచ్చింది. లోపలున్న వాళ్ళ పేర్లు చూశాను. నా పేరు. దాని కింద రుబెన్. అబెలార్దో లేడు.

*వాడేడీ?* అని టైపు చేశాను.

*నేనే పంపేశాను.*

*నన్నడక్కుండానా? సరే. మధ్యాహ్నం ఏం తిన్నాం?*

కాస్త ఆగింది. ఆ లైను ఎప్పుడూ నెమ్మదే. ఆకాశంలో ఉపగ్రహం దాకా వెళ్ళి రావాలి.

*ఎంపనాదలు. నీ దాంట్లో ఆలివ్ పండు తీసి నా పళ్ళెంలో పెట్టావు. మందు వల్ల నోరంతా చేదుగా ఉందనుకున్నావు.*

నవ్వొచ్చింది. మాంసం కూరిన ఆ కజ్జికాయల్లో వచ్చే ఆలివ్ పండు ఎప్పుడూ అతనికే పోతుంది. ఆ చేదు సంగతి... నేను పైకి అన్నానా? గుర్తు రాలేదు. అనే ఉంటాను. అనకపోతే అతనికెలా తెలుస్తుంది?

*ఇక గడువు తీసెయ్ నెల్దా. నువ్వు వెళ్ళు. పిల్లలకి ఫోన్ చేసే వేళయింది కదా.*

గడువు తీసేశాను. పాత లైను మూసేశాను.

కోటు జేబులోంచి మాత్ర తీసి నీళ్ళతో మింగుతుంటే ఫోన్ మోగింది.

"ఏంటే అన్నిసార్లు చేశావు?" రుబెన్. ఆయాసపడుతున్నాడు. "ఆసుపత్రి మలుపులో బండి అడ్డంగా జారింది. నన్ను చంపేసేదానివే. ఇప్పుడే ఇంట్లో అడుగు పెట్టాను. ఉండు, కంప్యూటర్ ఆన్ చెయ్యనీ."

తెర వైపు చూశాను. పాత లైను మూసేసి ఉంది.

"నెల్దా? ఉన్నావా?"

"నువ్వు... ఇంకా లోపలికి రాలేదా?"

"కోటు కూడా విప్పలేదంటుంటే!"

గ్లాసు బల్ల మీద పెట్టి కీబోర్డు దగ్గరికి లాక్కున్నాను.

*

నేను ప్రయత్నించాను. తలుపు రానివ్వలేదు. అతను ప్రయత్నించాడు. రానివ్వలేదు. నా పేరు, నా తాళం, నేను నా చేత్తో రాసిన నియమం... నువ్వెవరో తెలీదంది. మళ్ళీ. తెలీదు. మళ్ళీ. తెలీదు.

"గడువు ఉంది కదా," అన్నాడు రుబెన్ ఫోన్లో. "పాతవి వాటంతటవే వెనక్కి వస్తాయి. కంగారుపడకు."

"తీసేశాను."

"ఎవరు చెప్తే తీశావు?" అన్నాడు.

"నువ్వు చెప్పావు రుబెన్. ఎంపనాద సంగతి చెప్పావు. ఆలివ్ పండు సంగతి చెప్పావు."

"నేను చెప్పలేదు నెల్దా." అతని గొంతు మారిపోయింది. వెక్కిరింత లేదు. "ఒక సంగతి చెప్తాను. నీతో ఇప్పటిదాకా అనలేదు. మీవాళ్ళు అక్కడికి వెళ్తున్నారని... అనలేదు. దోన్ అబెలార్దో పోయిన రోజు లైను మీద ఉన్నది నేనే. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. 'సరే క్లారా, వస్తున్నా, తాడు గట్టిగా పట్టుకో' అన్నాడు. క్లారా ఆయన భార్య."

"అయితే?"

"ఆ పొద్దున ఆవిడ ఆయనతో మాట్లాడదామని మన ఆఫీసుకి వచ్చింది. నా పక్కనే కూర్చుని ఉంది. ఆ మాట నాతోపాటే విన్నది."

ఫోన్ పెట్టేశాను. పిల్లల లైను కలిపాను.

గాలి వినిపించింది. ఇక్కడి గాలి కాదు, అక్కడిది. ఆ దీవి గాలి ఊళ వేస్తుంది. దాని కింద గడియారం చప్పుడు. ఎవరో రిసీవర్ ఎత్తారు. మాట్లాడలేదు. ఊపిరి మాత్రం... చిన్న ఊపిరి.

"మైతే? నేను, అమ్మని. నాన్నేడీ?"

"లైటు దగ్గర," అంది గుసగుసగా. "నువ్వే పంపావు."

"నేను పంపలేదు తల్లీ."

"లైటు ఆరిపోయింది, పైకి వెళ్ళి చూడమన్నావు. ఆరిపోలేదు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. అయినా నాన్న వెళ్ళాడు. మమ్మల్ని బూట్లు వేసుకుని బెంచీ మీద కూర్చోమన్నావు. వేసుకున్నాం."

"ఎందుకు?"

"పడవ వస్తుందన్నావు."

ఆ వారంలో ఏ పడవా లేదు. అది నాకు తెలుసు.

"మైతే, జాగ్రత్తగా విను. అది నేను కాదు. తలుపు గడియ పెట్టు. తమ్ముణ్ణి పట్టుకో. ఎవరు పిలిచినా, నా గొంతుతో పిలిచినా, రేవు వైపు వెళ్ళకు. అర్థమైందా?"

వెనక బెల్త్రాన్ ఏదో అడిగాడు. "ష్ష్," అంది వాడితో.

"నువ్విలా అంటావని చెప్పావు," అంది మెల్లగా.

"ఏంటి?"

"ఇంకొకావిడ నా గొంతుతో ఫోన్ చేస్తుంది, తలుపు వేసుకోమంటుంది, నమ్మొద్దు... అని చెప్పావు. ఇందాకే."

ఏడుపు మింగాను. ఏడిస్తే ఆ గొంతు నాది కాదనుకుంటుంది. "బంగారూ, నేను మీ అమ్మని."

"అయితే చెప్పు. మధ్యాహ్నం నేనేం తిన్నాను?"

రోజూ ఆ ప్రశ్న అడిగేది నేను. జవాబు ఎప్పుడూ వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆ రోజు బుధవారం. బుధవారాలు ఎలిసెయో మసూరపప్పు చేస్తాడు. ఎప్పుడూ చేస్తాడు.

"మసూరపప్పు," అన్నాను.

గాలి ఊళ వేసింది.

"నేనసలు తినలేదు," అంది మైతే. "గొంతు నొప్పని పడుకున్నా. నాన్నకి కూడా చెప్పలేదు." ఇంకా గొంతు తగ్గించింది. "ఆ అమ్మకి తెలుసు."

రిసీవర్ పెట్టేసింది.

మళ్ళీ కలిపాను. మోగింది. మోగుతూనే ఉంది. తర్వాత మోగడం కూడా ఆగిపోయింది.

*

తీరరక్షక పడవ వాళ్ళ కాళ్ళు పట్టుకున్నాను. పిల్లలు ఒంటరిగా ఉన్నారన్నాను. వాళ్ళ నాన్న కనపడట్లేదన్నాను. దెయ్యం అనలేదు, అంటే పంపరు. సముద్రం ఎత్తుగా ఉందని ముందు కుదరదన్నారు. రుబెన్ వాళ్ళమీద అరిచాడు. తెల్లవారకముందే కదిలారు. దారిలో గాలికి ఒక రాత్రంతా ఏదో కొండ చాటున ఆగారు. ఆ సమయమంతా నేను రేవు గోడ పక్కన రుబెన్ బండిలో కూర్చున్నాను. అతను థర్మాస్‌లో వేడి మాతే ఆకు టీ తెచ్చి చేతిలో పెట్టాడు. తాగానో లేదో తెలీదు. నన్నొక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. ముగ్గురూ బతికే ఉన్నారు.

మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. రుబెన్ నా నెత్తిన చెయ్యి పెట్టి, తనూ ఏడ్చాడు. "చూశావా, చూశావా," అన్నాడు. ఏం చూడాలో ఇద్దరికీ తెలీదు.

ఎలిసెయో లైట్‌హౌస్ పైగదిలో దొరికాడట. ఆ గది తలుపు బయటినుంచి బిగించి ఉంది. రెండు రోజులు ఆ చలిలో... పడవ మా రేవుకి చేరాక స్ట్రెచర్ మీద దించారు. నన్ను చూసి, "నువ్వే కదా లైటు ఆరిపోయిందన్నావు," అన్నాడు. తర్వాత దగ్గు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

పిల్లలు ఇంట్లోనే ఉన్నారట. బెంచీ మీద, బూట్లు వేసుకుని, కోట్లకి బొత్తాలు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. పొయ్యి వెచ్చగా ఉందట. ఆకలితో లేరు. మైతేకి రెండు జడలు, పాపిడి సూదితో గీసినంత తిన్నగా. ఎలిసెయోకి జడ వెయ్యడం రాదు.

"పడవ వస్తుందని వాళ్ళకి ముందే తెలుసండీ," అన్నాడు నావికుడొకడు. "తలుపు తట్టకముందే లేచి నిలబడ్డారు."

అప్పటికి అర్థమైంది నాకు. ఏ పడవా లేని వారంలో ఆ పడవని పంపింది నేనే.

మైతేని దించాడు ఆ నావికుడు. బెల్త్రాన్‌ని దించాడు. తర్వాత మూడోసారి చెయ్యి చాచాడు, ఇంకెవరికో ఆసరా ఇస్తున్నట్టు. కాసేపు అలాగే పట్టుకున్నాడు. తర్వాత ఖాళీ చేతిని చూసుకుని, సిగ్గుపడి, పాంటుకి తుడుచుకున్నాడు. పాంటు మీద తడి మరక పడింది.

నేను పిల్లలిద్దర్నీ కావలించుకున్నాను. వాళ్ళు కదల్లేదు. పరాయివాళ్ళ ఇంట్లో మర్యాద కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు.

*

దీవి సర్వర్‌ని ఆ నెలాఖరున కంపెనీ విప్పించేసింది. కరెంటు తీసేశారు, తీగలు తీసేశారు. తలుపూ లేదు, లోపలా లేదు.

ఎలిసెయో ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఊపిరితిత్తులు కోలుకోవట్లేదు. నేను మందు మానేశాను. మందు వేసుకుంటే నిద్ర ముంచేస్తుంది. నాకు నిద్ర పనికిరాదు. పిల్లల దగ్గర కూర్చుంటాను.

మైతే నన్ను జడ వెయ్యనివ్వదు. పొద్దున లేచేసరికి జడలు వేసి ఉంటాయి. వండింది తింటారు, కానీ వాసన చూసి తింటారు. "థాంక్సండీ," అంటారు. నా కడుపున పుట్టిన పిల్లలు నన్ను "అండీ" అంటారు. బెల్త్రాన్ అసలు నవ్వడం మానేశాడు.

రోజూ చీకటి పడే వేళకి ఇద్దరూ ఆడుకునేవి వదిలేస్తారు. నడవలోకి వెళ్ళి గోడకి ఎదురుగా నిలబడతారు. అక్కడ ఫోన్ లేదు, ఏమీ లేదు. తల ఊపుతారు. "ఊఁ," అంటారు. "తోముకున్నా," అంటాడు బెల్త్రాన్. నోరు తెరిచి గోడ మీదికి ఊదుతాడు. గోడ మీద ఆ చోట రంగు ఉబ్బిపోయింది.

నేను వాళ్ళ వెనక నిలబడి వింటాను. నాకేమీ వినపడదు.

నిన్న కూడా నిలబడ్డాను. బెల్త్రాన్ ఏదో విని, మెడ తిప్పి నా వైపు చూశాడు.

"అమ్మ అడుగుతోంది," అన్నాడు. "నువ్వింకా లోపలే ఉన్నావా అని."

మైతే గోడ వైపు తిరిగి, "ఉంది," అంది మెల్లగా. విన్నది. తల ఊపింది. "సరే. రేపు."

రాత్రంతా వాళ్ళ గది గుమ్మానికి అడ్డంగా పడుకున్నాను. ఏమీ జరగలేదు. పొద్దున కూడా ఏమీ జరగలేదు. ఇవాళ పొద్దు వాలాక ఇంట్లో రొట్టె అయిపోయిందని చూశాను. రొట్టెల కొట్టు మా ఇంటికి ఎదురుగానే, వీధి దాటితే చాలు. పిల్లలు బల్ల దగ్గర బొమ్మలు వేసుకుంటున్నారు. కిటికీలోంచి వాళ్ళు నాకు కనపడుతూనే ఉంటారు. వెళ్ళాను. వాళ్ళ మీంచి కళ్ళు తీసింది డబ్బులిచ్చేటప్పుడే.

వెనక్కి తిరిగేసరికి కిటికీకి తెరలు వేసి ఉన్నాయి.

వీధి పరిగెత్తుకుంటూ దాటాను. తాళంచెవి దూరింది. తిరగలేదు. ఇటు తిప్పాను, అటు తిప్పాను. అదే తాళం, అదే చెవి. రొట్టెలు మెట్ల మీద పడిపోయాయి. లోపల వెలుతురుగా ఉంది. నూనెలో ఏదో వేగుతోంది. పళ్ళేల చప్పుడు. బెల్త్రాన్ పకపకా నవ్వుతున్నాడు...

"మైతే! తలుపు తియ్యమ్మా!"

నవ్వు ఆగింది. పళ్ళేల చప్పుడు ఆగింది. లోపల ఎవరో నెమ్మదిగా, తడి కాళ్ళతో తలుపు దాకా నడిచి వచ్చారు. నాకూ వాళ్ళకీ మధ్య ఆ చెక్క ఒక్కటే. వాళ్ళ ఊపిరి వినిపించింది.

తర్వాత లోపల నుంచి, తుప్పు పట్టిన ఇనప గడియ ఒకటి బరువుగా జరిగి పడింది.

మా తలుపుకి గడియ లేదు. ఎప్పుడూ లేదు.